మిస్సోరీ అడవిలో టర్కీ వేట: కొత్తవాళ్ల కోసం నా అనుభవం

నేను టర్కీ వేటకు వెళ్తానని తెలియగానే ఇక్కడి తెలుగువాళ్లలో ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడుగుతారు. పక్షి గురించి కాదు. "అన్నా, అసలు మనం తుపాకీ పట్టుకోవచ్చా?" అని. కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

గ్రీన్ కార్డు ఉంటే ఫెడరల్ చట్టం ప్రకారం షాట్‌గన్ కొనడానికీ వాడడానికీ వీసా అడ్డంకి ఉండదు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. మామూలుగా వాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండడమే నేరం. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనకు పనికొచ్చేది, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం చట్టప్రకారం ఇచ్చిన, గడువులో ఉన్న వేట లైసెన్సు. స్నేహితుడి తుపాకీని షూటింగ్ రేంజ్‌లో సరదాగా రెండుసార్లు పేల్చినా ఈ రూల్ వర్తిస్తుంది. తేడా వస్తే పోయేది వీసా. వీసా మీద ఉండి ఈ దారిలోకి రావాలనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, లైసెన్సు తీసుకోండి, ఆ తర్వాతే తుపాకీ ముట్టుకోండి. ఈ టెన్షన్ నాకొద్దనుకుని నేను కార్డు చేతికొచ్చేదాకా ఆగాను.

మాది నల్లమల అంచున ఒక పల్లె. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక మా వైపు వేట అంటే కేసు, జైలు. ఆ మాట వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి ఇక్కడికొచ్చిన కొత్తలో వేటగాళ్లంటే నాకు మంచి అభిప్రాయం ఉండేది కాదు. అది మారింది హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చదివేటప్పుడు. అడవులు నరికేసి, అడ్డూ అదుపూ లేకుండా వేటాడేసి, ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో మిస్సోరీలో అడవి టర్కీని దాదాపు తుడిచిపెట్టేశారు. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వేట తుపాకుల మీద, తూటాల మీద వేసే 11 శాతం పన్నును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు మళ్లించింది. 1950లలో ఇక్కడి కన్సర్వేషన్ శాఖ వాళ్లు మిగిలిన పక్షులను వలలతో పట్టి, ఖాళీ అయిపోయిన కౌంటీల్లో వదలడం మొదలుపెట్టారు. 1960 నాటికి కొన్ని కౌంటీల్లో చిన్న వసంతకాలపు సీజన్ పెట్టగలిగారు. ఇవాళ ఈ రాష్ట్రంలో దాదాపు ఎక్కడికెళ్లినా టర్కీ కనిపిస్తుంది. నేను కొనే ప్రతి తూటా పెట్టెలో ఆ పన్ను ఉంటుంది. వేటగాడి డబ్బుతో పక్షి తిరిగొచ్చిందన్న సంగతి నన్ను నిజంగా కదిలించింది.

1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు మిస్సోరీలో సొంతంగా వేటాడాలంటే ఈ కోర్సు పాస్ కావాలి. పెద్దవాళ్లు ఆన్‌లైన్‌లోనే ముగించవచ్చు. కష్టమేమీ కాదు, కానీ వీడియోలు పరిగెత్తించకుండా చదవండి. పర్మిట్ కూడా ఆన్‌లైన్‌లోనే కొనుక్కోవచ్చు. రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్లకు చవక, బయటివాళ్లకు చాలా ఎక్కువ.

ఇక తుపాకీ. నాది 12 గేజ్ పంప్ యాక్షన్ షాట్‌గన్. ఇంతకన్నా ఖరీదైనది కొత్తవాళ్లకు అక్కర్లేదు. భుజానికి దెబ్బ తగ్గాలంటే 20 గేజ్ (గేజ్ నంబరు పెరిగితే గొట్టం సన్నబడుతుంది) కూడా బాగా పనిచేస్తుంది. డబ్బు పెట్టాల్సింది టర్కీ చోక్ మీద, మంచి తూటాల మీద. షాట్‌గన్ తూటాలో ఒక్క గుండు ఉండదు, వందల చిన్న గుళ్లుంటాయి. గొట్టం చివర బిగించే చోక్ వాటిని చెల్లాచెదురు కాకుండా గుంపుగా పంపిస్తుంది. టర్కీని కొట్టేది ఒంటి మీద కాదు, తల మీద, మెడ మీద. ఒంటి మీద ఈకలు, రెక్కల ఎముకలు గుళ్లను ఆపేస్తాయి. అప్పుడు పక్షి గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది. దానికన్నా పాపం లేదు.

అందుకే సీజన్‌కు ముందు రేంజ్‌కు వెళ్లి ప్యాటర్న్, అంటే గుళ్లు ఎలా పరుచుకుంటున్నాయో, చూసుకోవాలి. నేను చేసిన పద్ధతి చెబుతాను. పెద్ద కాగితం మీద 10 అంగుళాల వలయం గీసి, మధ్యలో టర్కీ తల బొమ్మ అంటించాను. ముందు 20 గజాల దూరం నుంచి తేలికపాటి తూటాలతో కొట్టి, గురి పెట్టిన చోటే తగులుతోందా అని చూసుకున్నాను. ఆ తర్వాతే 40 గజాలకు జరిగి అసలు టర్కీ తూటాలు వాడాను. వలయం లోపల వంద చిల్లులు పడితే ఆ దూరానికి ఆ తూటా నమ్మదగినదని ఇక్కడి వేటగాళ్ల లెక్క. ఒకే తుపాకీ, ఒకే చోక్, అదే సైజు గుళ్లు, కంపెనీ మాత్రమే వేరు. ఒక తూటా వలయం నిండా జల్లెడ చేసింది. రెండోది కుడివైపు గుమిగూడి, తల బొమ్మ చుట్టూ ఖాళీ వదిలేసింది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే డబ్బా మీద రాసిన మాటలను ఎంతవరకు నమ్మాలో తెలిసిపోయింది. టర్కీ తూటాల దెబ్బ భుజానికి గట్టిగా తగులుతుంది, కాబట్టి కూర్చుని, తుపాకీని స్టాండ్ మీద ఆనించి కొట్టండి. ఒక్కో తూటా ఖరీదు చూసి ఈ పని ఎగ్గొట్టకండి.

మిస్సోరీలో టర్కీకి నాలుగో నంబరు కన్నా పెద్ద గుళ్లు (నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దది) వాడకూడదు, తుపాకీలో మొత్తం మూడు తూటాలకు మించి పట్టకూడదు. కొత్త పంప్ గన్‌లలో చాలావాటికి డబ్బాలోనే తూటాల చోటు తగ్గించే ఒక ప్లగ్ వస్తుంది, అది పెడితే సరిపోతుంది.

తుపాకీ ఇంటికి తెచ్చేముందు మా ఆవిడ ఒకటే అడిగింది: "పిల్లలున్న ఇల్లు కదండీ, అది ఎక్కడ పెడతారు?" న్యాయమైన ప్రశ్న. ముందు స్టీలు సేఫ్ కొని గోడకు బోల్టులతో బిగించాను, తుపాకీ ఆ తర్వాతే వచ్చింది. తూటాలకు వేరే తాళం పెట్టె. ఇందులో రాజీ వద్దు.

కాలింగ్ అంటే పెట్ట గొంతు అనుకరించి పుంజును పిలవడం. కొత్తవాళ్లు దీని గురించే ఎక్కువ బెంగ పడతారు, నా దృష్టిలో అంత అవసరం లేదు. బాక్స్ కాల్ అనే చిన్న చెక్కపెట్టె ఉంటుంది. మూతను అంచు మీద రాస్తే కీచుమని పెట్ట గొంతు వస్తుంది. చేతికి అన్నిటికన్నా త్వరగా అలవాటయ్యేది అదే. కాకపోతే తడిస్తే మూగబోతుంది, సుద్ద రాస్తూ ఉండాలి. పలక మీద పుల్లతో గీసే స్లేట్ కాల్ మెత్తని శబ్దాలకు బాగుంటుంది. నోట్లో పెట్టుకునే మౌత్ కాల్ జోలికి మొదటి ఏడాది పోకపోయినా నష్టం లేదు. రికార్డు చేసిన కూతలు స్పీకర్‌లో వేయడం ఇక్కడ నిషేధం.

నేర్చుకోవాల్సింది రెండే. ఒకటి యెల్ప్, అంటే పెట్ట "నేనిక్కడున్నాను" అని చెప్పే వరస కూత. ఇంకొకటి క్లక్, ఒంటరిగా వచ్చే చిన్న ముక్క. గొంతు అచ్చుగుద్దినట్టు రాకపోయినా పర్వాలేదు, లయ మాత్రం తప్పకూడదు. నేను ఆఫీసుకు వెళ్లే దారిలో కారులో నిజమైన పెట్టల రికార్డింగులు వినేవాణ్ణి. నాకు నేర్పిన పెద్దాయన మా వీధిలోనే ఉంటారు, రిటైరైన మెకానిక్. మొదటి రోజే ఆయన చెప్పింది ఇది: కూత వేశాక కాల్‌ను నేల మీద పెట్టెయ్యి. చేతిలో ఉంటే మళ్లీ కూయాలనిపిస్తుంది. పుంజు నీ చోటు ఒక్కసారి పట్టుకున్నాక మర్చిపోదు.

మార్చి నెలంతా మేం తుపాకీ లేకుండా తిరిగాం. దక్షిణ మిస్సోరీలో మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్ ఉంది. అందరికీ తెరిచి ఉన్న ప్రభుత్వ అడవి, దాదాపు 15 లక్షల ఎకరాలు. ఓక్, హికరీ చెట్ల గుట్టలు, మధ్యలో వాగులు. ఫోన్‌లో మ్యాప్ యాప్ పెట్టుకుని ప్రైవేటు భూముల సరిహద్దులు చూసుకుంటూ నడవాలి. వెతకాల్సింది జాడల కోసం. రాలిన ఆకులను పక్షులు కాళ్లతో వెనక్కి చిమ్మి నేల బయటపెట్టిన చోట్లు ఉంటాయి. ఆకుల కింద మన్ను ఇంకా తడిగా ఉంటే అవి వెళ్లి ఎంతోసేపు కాలేదన్నమాట. రెట్టను బట్టి కూడా చెప్పవచ్చు. పుంజుది పొడుగ్గా ఉండి చివర కొక్కెంలా వంగుతుంది, పెట్టది గుండ్రంగా ముద్దగా పడుతుంది. రొమ్ము ఈక దొరికితే అంచు చూడండి, నల్లగా ఉంటే పుంజు, లేత గోధుమరంగైతే పెట్ట.

టర్కీలు రాత్రి చెట్ల మీద నిద్రపోతాయి. చీకటి పడే వేళ గుడ్లగూబలా అరిస్తే చెట్టెక్కిన పుంజు ఉలిక్కిపడి "గోబుల్" అని తిరిగి అరుస్తుంది. ఆ చప్పుడు వచ్చిన గుట్టను మ్యాప్‌లో గుర్తు పెట్టుకుంటే తెల్లారి ఎక్కడ కూర్చోవాలో సగం తేలిపోయినట్టే.

భద్రత గురించి కాస్త ఎక్కువే చెబుతాను, విసుక్కోకండి. ఈ వేటలో అందరూ ఆకుల రంగు బట్టల్లో, కదలకుండా, టర్కీలా కూస్తూ కూర్చుంటారు. ప్రమాదం అక్కడే ఉంది. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది. కాబట్టి ఆ మూడు రంగులు ఒంటి మీద ఎక్కడా కనపడకూడదు. సాక్స్, లోపలి బనియను, చేతిగుడ్డ కూడా చూసుకోండి. మీ భుజాల కన్నా వెడల్పైన చెట్టుకు వీపు ఆనించి కూర్చోండి. వెనక నుంచి ఎవరైనా పొరబడినా ఆ మాను కాపాడుతుంది. టర్కీ అరుపు వినపడిన వైపు పాక్కుంటూ వెళ్లకండి, అది ఇంకో వేటగాడు కావచ్చు. మీ వైపు ఎవరైనా వస్తుంటే చెయ్యి ఊపవద్దు, కాల్ కొట్టవద్దు, మామూలు మనిషి గొంతుతో గట్టిగా "ఇక్కడ మనిషున్నాడు" అని పిలవండి. డికాయ్ బొమ్మను (పుంజును ఆకర్షించడానికి పెట్టే టర్కీ బొమ్మ), చచ్చిన పక్షిని సంచిలో కప్పి మోయండి. నడిచేటప్పుడు నేను ఆరెంజ్ టోపీ పెట్టుకుంటాను, కూర్చున్నాక తీసేస్తాను. ట్రిగ్గర్ మీదికి వేలు వెళ్లేముందు తల, గడ్డం, దాని వెనక ఏముంది, మూడూ కళ్లారా చూడాలి. వసంతంలో ఇక్కడ పుంజుల్ని లేదా గడ్డం స్పష్టంగా కనిపించే పక్షుల్నే కొట్టాలి. గడ్డమంటే రొమ్ము మీద నుంచి వేలాడే నల్లటి వెంట్రుకల కుచ్చు.

పిడుదుల సంగతి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మిస్సోరీ అడవుల్లో లోన్ స్టార్ టిక్ అనే పిడుదు చాలా ఎక్కువ. వీపు మీద తెల్ల చుక్క ఉండేది ఆడది. అది కుడితే కొందరికి ఆల్ఫా-గాల్ అనే అలర్జీ వస్తుంది. అప్పుడు మటన్, బీఫ్, పోర్క్ తిన్న కొన్ని గంటలకు ఒళ్లంతా దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. కోడి, టర్కీ, చేపలతో ఇబ్బంది ఉండదు. బట్టలకు, బూట్లకు ముందురోజే పెర్మెత్రిన్ కొట్టి ఆరబెట్టండి, దాన్ని ఒంటికి రాయకూడదు. ప్యాంటు అంచులు సాక్స్‌లోకి దోపండి, ఇంటికి రాగానే ఒళ్లంతా వెతుక్కోండి.

వసంతకాలపు సీజన్ ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు నడుస్తుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చవచ్చు. ప్రభుత్వ భూముల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు ఆపేయాలి. ఏటా వచ్చే రూల్స్ పుస్తకం తప్పకుండా చూడండి, గంటలు, పరిమితులు మారుతుంటాయి.

మొదటి సీజన్ అంతా నాకు పుంజు దొరకలేదు. కానీ ఆ ఉదయాల్లోనే నేను ఈ వేట నేర్చుకున్నాను. చీకట్లో నడిచి వెళ్లి, పుంజు నిద్రపోయే చెట్టుకు వంద గజాలకు పైగా ఎడంగా కూర్చుంటాం. విప్‌పూర్‌విల్ పిట్ట ఆపకుండా అరుస్తుంటుంది. తూర్పు తెల్లబడేసరికి అది ఆగిపోతుంది. ఆ వెంటనే గుట్ట మీద నుంచి మొదటి గోబుల్. ఎంత దూరంలో ఉన్నా గుండె ఒక్కసారి ఎగురుతుంది. మెత్తగా రెండు మూడు యెల్ప్‌లు వేస్తే వెంటనే బదులిస్తుంది. ఇక వచ్చేస్తుందనుకుంటాం. తీరా చెట్టు దిగాక పక్కనే ఉన్న నిజమైన పెట్టలతో కలిసి అటువైపు వెళ్లిపోతుంది. ప్రకృతిలో పుంజు కూస్తుంది, పెట్ట దాని దగ్గరికి వెళ్తుంది. మనం ఆ పద్ధతిని తిరగేసి, పుంజునే రమ్మంటున్నాం. అందుకే 70, 80 గజాల దూరంలో ఆగిపోయి, పెట్ట ఎందుకు రావడం లేదా అని చూస్తూ నిలబడుతుంది.

చాలామంది ఎనిమిదింటికల్లా లేచి కారెక్కేస్తారు. నేర్పిన పెద్దాయన మాత్రం అప్పుడే ఫ్లాస్క్‌లో కాఫీ తీసేవారు. తొమ్మిది తర్వాత పెట్టలు ఒక్కొక్కటిగా గుడ్లు పెట్టడానికి గూటికి వెళ్లిపోతాయి, పుంజు ఒంటరి అవుతుంది. పొద్దున విన్న పెట్ట గొంతు దానికి అప్పుడు గుర్తొస్తుందని ఆయన నమ్మకం. నా పుంజు దొరికింది కూడా ఆ వేళలోనే.

అది తర్వాతి ఏడాది సీజన్ రెండో వారం. డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. తెల్లవారగానే అరిచిన పుంజు పెట్టలతో వాగు దాటి వెళ్లిపోయింది. మేం చోటు మార్చలేదు. రేంజ్‌ఫైండర్‌తో చుట్టూ దూరాలు ముందే కొలిచి పెట్టుకున్నాను: పడిపోయిన ఓక్ మాను 38 గజాలు, నాచు పట్టిన రాయి 25. ఆ మాను దాటి ఇవతలికి వస్తేనే కాల్చాలి. అరగంటకోసారి ఒక క్లక్, రెండు యెల్ప్‌లు, అంతే. కాళ్లు తిమ్మిరెక్కాయి. పది దాటాక, గోబుల్ ఏమీ లేకుండానే, ఎక్కడో లోతుగా ఒక చప్పుడు. చెవికి వినపడడం కన్నా ఛాతీలో తెలిసింది. పుంజు రెక్కలు దించి తోక విప్పి నడిచేటప్పుడు చేసే డ్రమ్మింగ్ అది. దగ్గరికొస్తే గానీ వినపడదు.

ముందు మాను వెనక తోక విసనకర్ర పైఅంచు కనిపించింది. తర్వాత తల. నడినెత్తి సున్నం కొట్టినట్టు తెల్లగా, చెంపలు నీలంగా, మెడ కింద తిత్తులు ఎర్రగా. ఎండ తగిలినచోట ఒంటి ఈకలు రాగి రంగులో, ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. టర్కీకి వాసన పెద్దగా తెలియదు గానీ చూపు మాత్రం భయంకరం. తల ఇరుపక్కలా ఉన్న కళ్లతో వెనకవైపు కొంత తప్ప అంతా చూస్తుంది. కాబట్టి అది చెట్టు చాటుకు వెళ్లినప్పుడే తుపాకీని కొద్దిగా జరిపాను. రాయి దగ్గరికి వచ్చింది. తోక విప్పి మెడ ముడుచుకుని ఉన్నప్పుడు కాల్చకూడదు. తల, మెడ ఈకల్లో కూరుకుపోయి ఉంటాయి. పెద్దాయన నా వెనక నుంచి ఒక్క క్లక్ చేశారు. తోక మూసి, మెడ నిక్కించి చూసింది. ఈకలు ఆగి తిత్తులు మొదలయ్యే చోట గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాను.

సేఫ్టీ వేసి వెంటనే దగ్గరికి వెళ్లాలి. ప్రాణం పోయాక కూడా రెక్కలు చాలాసేపు కొట్టుకుంటాయి. కాలి ముళ్లు గట్టిగా గీరుకుంటాయి, చేతులు పెట్టకుండా బూటుతో మెడ తొక్కిపట్టాలి. దాని పక్కన కూర్చుని ఈకల మీద చెయ్యి వేశాను, ఇంకా వెచ్చగా ఉంది. సంతోషంగా ఉంది, బాధగానూ ఉంది. పెద్దాయన తొందర పెట్టలేదు. ఆయన వయసులో కూడా అలాగే అనిపిస్తుందని మాత్రం అన్నారు.

వెంటనే పర్మిట్ మీద తేదీ గుర్తు పెట్టాలి. అదే రోజు రాత్రి పదిలోగా ఫోన్‌లో టెలిచెక్ చేయాలి, అంటే పక్షిని కొట్టిన సంగతి శాఖకు తెలపాలి, అప్పటిదాకా తల, ఈకలు తియ్యకూడదు. మా ఇంటి తూకంలో 20 పౌండ్లకు కాస్త పైన తూగింది.

వంట విషయానికొస్తే, దుకాణంలో దొరికే థాంక్స్ గివింగ్ టర్కీతో దీన్ని పోల్చవద్దు. రొమ్ము పైభాగంలో వసంతకాలపు పుంజుకు మెత్తటి కొవ్వు పొర ఉంటుంది, దాన్ని కోసి పారేయండి, లేకపోతే వాసనొస్తుంది. రొమ్ము కండను పీచుకు అడ్డంగా పల్చగా కోసి, పెరుగు, అల్లం వెల్లుల్లి, మిరియాలు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పెద్ద మంట మీద త్వరగా వేయించాలి. ఎక్కువసేపు ఉంచితే చెక్కే. గుళ్లు ఏమైనా ఉన్నాయేమో వేళ్లతో తడిమి చూడండి, పంటికి తగిలితే కష్టం. తొడలు, కాళ్లు చాలామంది అక్కడే వదిలేస్తారు, అది నాకు నచ్చదు. ముదురు నాటుకోడిలా వాటికి టైమివ్వాలి. ఉప్పు, పసుపు వేసి కుక్కర్లో ముప్పావుగంట ఉంచితే కండ ఎముక నుంచి ఊడొస్తుంది. కాళ్లలో సూదుల్లాంటి గట్టి నరాలుంటాయి, అవి ఒక్కొక్కటి లాగేయాలి. ఆ కండతో, ఆ నీళ్లతోనే ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు నూరి పులుసు పెడితే మా ఆవిడ గారెలు చేసింది. పెద్దాయన, ఆయన భార్య వచ్చి తిన్నారు. ఇన్నేళ్లుగా కాళ్లు పారేసినందుకు ఆయన బాధపడ్డారు, ఇప్పుడు ఆయన కొట్టిన పుంజుల కాళ్లు కూడా మా ఇంటికే వస్తున్నాయి.